కారు దీపం వెలగకపోతే ఎక్కడ వెతకాలి?

(మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు డిపో గ్యారేజీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినవారు కదా, మా అందరికీ పనికివచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది దీపాల సంగతే. అందుచేత కారుకు బయట ఉండే దీపాలు, అవి వెలగకపోతే లోపం ఎక్కడున్నదో కనుక్కునే పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. కారు లేనివారు కూడా దయచేసి వినండి. కొడుకు కారో, అల్లుడి కారో, ఆటోయో ఎక్కక తప్పదు. ఎక్కేముందు ఒకసారి వెనక్కి వెళ్ళి చూడడం అందరికీ మంచిది.

కారు దీపాలకు రెండు పనులు. ఒకటి మనకు దారి చూపడం, రెండవది మనల్ని ఎదుటివారికి చూపడం. ముందు దీపం పోతే ఆ క్షణమే మనకు తెలుస్తుంది. వెనక దీపం పోతే మనకు తెలియదు, వెనక వచ్చే లారీ డ్రైవరుకు తెలుస్తుంది. ఒక్కోసారి అతనికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. మన బ్రేకు లైటు వెలగక, అతడు రెండు సెకన్లు ఆలస్యంగా గ్రహించాడనుకోండి, 44 మీటర్లు పోయినట్టే. హైవే మీద రాత్రివేళ ఆ 44 మీటర్లే ప్రాణం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 105వ నియమం ప్రకారం, సూర్యాస్తమయమైన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు, ఇంకా వెలుతురు చాలని ఏ సమయంలోనైనా సరే, బండికి దీపాలు వెలుగుతూ ఉండాలి. ఇంట్లో సంధ్యాదీపం పెట్టడం మరచిపోని మనం బండి దీపాన్ని మాత్రం ఎందుకు మరచిపోవాలి?

కరెంటు వెళ్ళే దారి

లోపం పట్టుకోవాలంటే ముందు కరెంటు ఏ దారిన వెళ్ళి ఏ దారిన వస్తుందో తెలియాలి. ఇంట్లో ఫేజు, న్యూట్రల్ అని రెండు వైర్లు ఉంటాయి. కారులో బ్యాటరీ ప్లస్ నుంచి దీపం దాకా వైరు ఉంటుంది. తిరిగి వచ్చేందుకు మాత్రం బ్యాటరీ దాకా ప్రత్యేకమైన వైరు ఉండదు. కారు ఇనుప శరీరమే రెండో వైరు. దీపం దగ్గర ఒక చిన్న నల్ల వైరు, కొన్ని కార్లలో గోధుమ రంగు వైరు, బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. దాన్నే మనం ఎర్త్ అంటాము. బ్యాటరీ మైనస్ కూడా లావుపాటి వైరుతో బాడీకి కలిపి ఉంటుంది.

పెరట్లో కుళాయి బాగానే ఉండవచ్చు, ట్యాంకులో నీళ్ళూ ఉండవచ్చు. కానీ తూము మూసుకుపోతే స్నానాల గదిలో నీళ్ళు నిలిచిపోతాయి. ఎర్త్ అనేది ఆ తూములాంటిది. నా సర్వీసులో చూసిన దీపాల ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కరెంటు రాకపోవడం కాదు, వచ్చిన కరెంటుకు తిరిగి పోయే దారి లేకపోవడం.

ఆ దారిలో వరుసగా ఉండేవి ఇవి: బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, చాలా కార్లలో రిలే, వైరు, మధ్యలో కనెక్టర్లు, హోల్డరు, బల్బు, చివర ఎర్త్. బల్బు వెలగలేదంటే ఈ గొలుసులో ఏదో ఒక లంకె తెగిందన్నమాట. ఏ లంకెయో కనుక్కోవడమే మన పని.

ముందు కళ్ళతో, తరువాత చేతులతో

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: పోయింది ఒక దీపమా, ఒక జతా, లేక అన్నీనా?

ఒక్క దీపమే పోతే లోపం ఆ దీపం దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. బల్బో, హోల్డరో, ఎర్తో చూడాలి. కుడి ఎడమ రెండూ ఒకేసారి పోతే, రెండు బల్బులు ఒకే నిమిషంలో కాలిపోవడం అరుదు కనుక, రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఫ్యూజు, రిలే, స్విచ్చి చూడాలి. అయితే చాలా కార్లలో కుడి హెడ్ లైటుకు ఒక ఫ్యూజు, ఎడమ హెడ్ లైటుకు ఒక ఫ్యూజు విడివిడిగా ఇస్తారు. ఒకటి పోయినా రెండోది మిగలాలని ఆ ఏర్పాటు. కనుక ఒక్క హెడ్ లైటే పోయినప్పుడు దాని ఫ్యూజు కూడా చూడండి. అన్ని దీపాలూ నీరసంగా వెలుగుతుంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు, బ్యాటరీ టెర్మినల్స్, ప్రధానమైన ఎర్త్ చూడాలి. ఇక ఒకటి వేస్తే మరొకటి వెలగడం, ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా మినుకుమినుకుమనడం వంటి వింతలు కనిపిస్తే నూటికి తొంభైపాళ్ళు ఎర్త్ అనుకోండి.

ఈ ఒక్క ప్రశ్నతోనే సగం వెతుకులాట తప్పుతుంది.

బల్బు పరీక్ష

వెలగని బల్బును తీసి వెలుతురులో పెట్టి చూడండి. లోపలి తీగ తెగి ఉంటే కనిపిస్తుంది. గాజు లోపల నల్లగానో, వెండిరంగులోనో మసి పట్టి ఉంటే దాని ఆయువు తీరినట్టే. కంటికి తెలియకపోతే సులువైన మార్గం ఒకటుంది. కుడి బల్బు ఎడమకు, ఎడమ బల్బు కుడికి మార్చండి. లోపం బల్బుతోపాటు అటు వెళ్ళిందా, బల్బు పోయింది. లోపం అక్కడే ఉండిపోయిందా, బల్బు నిర్దోషి.

మల్టీమీటర్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. 55 వాట్ల హెడ్ లైటు బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 2.6 ఓములు. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అందులో పదోవంతు మాత్రమే చూపుతుంది. అది చూసి షార్ట్ అయిందని కంగారు పడకండి. తీగ వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, అది దాని స్వభావం.

వెనక వైపు చాలా కార్లలో ఒకే బల్బులో రెండు తీగలు ఉంటాయి. 5 వాట్లది రాత్రి వెలిగే ఎర్రదీపానికి, 21 వాట్లది బ్రేకుకు. దాని పక్కనుండే రెండు పిన్నులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, తలకిందులుగా పెట్టకుండా. బలవంతంగా తిప్పి బిగిస్తే రెండు తీగల పనులు తారుమారవుతాయి. పిన్నులు గాడిలో సుఖంగా కూర్చోవాలి.

హాలోజన్ బల్బు గాజును వేళ్ళతో ముట్టుకోకూడదు. మన వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవండి. దీపం ఆర్పిన వెంటనే తీయబోతే చేయి కాలుతుంది. చల్లారనివ్వండి.

ఫ్యూజు ఒక వార్తాహరుడు

ఇప్పటి కార్లలో రెండు కాళ్ళ ప్లాస్టిక్ ఫ్యూజులు వస్తున్నాయి. రంగును బట్టి వాటి శక్తి తెలుస్తుంది. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. హెడ్ లైటు ఒక్కొక్కటి 55 వాట్లయితే, 12 వోల్టుల దగ్గర సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది. రెండూ కలిసి 9.2. దాన్నిబట్టే ఏ ఫ్యూజు వేయాలో కంపెనీవారు లెక్క కట్టి, ఫ్యూజు పెట్టె మూతమీద ముద్రిస్తారు.

ఫ్యూజు పోయిందంటే అది మనకొక వార్త చెబుతున్నదని అర్థం. కొత్తది వేయండి. నిలిచిందా, సంతోషం. మళ్ళీ పోయిందా, లోపల ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. అప్పుడు 10 బదులు 30 వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఫ్యూజు కాలనప్పుడు వైరు కాలుతుంది. వైరు కాలితే కారు కాలుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరకే అనలేదు.

ఫ్యూజు ఎప్పుడు పోతున్నదో గమనించి రాసుకోండి. బ్రేకు నొక్కినప్పుడా? రివర్స్ గేరు వేసినప్పుడా? డిక్కీ తలుపు ఎత్తినప్పుడా? డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి వైర్లు వెళతాయి. తలుపు ఎత్తిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి అక్కడే పైతొడుగు చిట్లి, లోపలి రాగి తెగుతుంది. నంబర్ ప్లేటు దీపమో, అద్దం పైనుండే మూడో బ్రేకు లైటో ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే ముందు ఆ రబ్బరు గొట్టం జరిపి చూడండి.

మరొక శత్రువు ఎలుక. మనం పిల్లల దగ్గరికని అమెరికాకో, బెంగుళూరుకో నెలల తరబడి వెళ్ళినప్పుడు కారు షెడ్డులో కదలకుండా ఉంటుంది. ఇంజను వెచ్చదనం పోయినా ఆ చీకటి మూల ఎలుకకు ఇష్టమే. తిరిగి వచ్చాక దీపాలు పనిచేయకపోతే బానెట్ ఎత్తి, కొరికిన వైరు తొడుగు ముక్కలు, రెట్టలు ఉన్నాయేమో చూడండి.

అయిదు నిమిషాల టెస్ట్ ల్యాంపు

మా గ్యారేజీలో పెద్ద మిషన్లు రాకముందు మాకున్న ఆయుధం టెస్ట్ ల్యాంపు. 12 వోల్టుల 5 వాట్ల బల్బు ఒకటి, హోల్డరు ఒకటి, రెండు పొడుగు వైర్లు. ఒక వైరు చివర క్లిప్పు, రెండో వైరు చివర సూదిమొనలాంటి కడ్డీ. కొన్నా ఖర్చు కొద్దే, ఇంట్లో చేసుకున్నా కష్టం లేదు.

దీన్ని వాడేది రెండు మెట్లలో. వెలగని దీపం బల్బు తీసి, ఆ దీపం స్విచ్చి వేసి ఉంచండి. మొదటి మెట్టు: క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు తగిలించి, కడ్డీని హోల్డరులో కరెంటు వచ్చే చోట ఆనించండి. టెస్ట్ ల్యాంపు వెలిగితే కరెంటు అక్కడిదాకా వస్తున్నట్టు. రెండవ మెట్టు: క్లిప్పును తీసి బ్యాటరీ ప్లస్‌కు తగిలించి, కడ్డీని హోల్డరులో ఎర్త్ చోట ఆనించండి. వెలిగితే ఎర్త్ కూడా ఉన్నట్టు. రెండు మెట్లలోనూ వెలిగి, బల్బు మాత్రం వెలగకపోతే బల్బు పోయిందనో, హోల్డరు రేకులు బల్బుకు అందడం లేదనో తేలిపోతుంది. మొదటి మెట్టులో వెలగకపోతే ఫ్యూజు వైపు వెనక్కి నడవాలి. రెండో మెట్టులో వెలగకపోతే ఎర్త్ బోల్టు వైపు నడవాలి.

వెనక్కి నడిచేటప్పుడు అంగుళం అంగుళం చూడనక్కరలేదు. దారి మధ్యలో ఉన్న కనెక్టర్ దగ్గర పరీక్షించండి. అక్కడ కరెంటు ఉంటే లోపం దీపం వైపు సగంలో ఉంది, లేకపోతే ఫ్యూజు వైపు సగంలో ఉంది. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేయండి. మూడు నాలుగు సార్లకు లోపం చేతికి చిక్కుతుంది.

రిలే ఉన్న కార్లలో స్విచ్చి వేసినప్పుడు "టిక్" మనే శబ్దం వినిపించాలి. శబ్దం రాకపోతే రిలేకు ఆజ్ఞ అందడం లేదు, లేదా రిలే చుట్ట పోయింది. శబ్దం వస్తున్నా దీపం రాకపోతే లోపలి కాంటాక్టులు కాలి ఉండవచ్చు. పక్కనే అదే నంబరుగల రిలే, హారనుదో మరొకటో, ఉంటే మార్చి చూడండి.

దీపం వెలుగుతోంది కానీ...

మనవాళ్ళు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇది: "హెడ్ లైటు వెలుగుతోందండీ, కానీ దారి కనపడడం లేదు." ఇందులో కొంత మన కంటి దోషం కూడా ఉంది. అరవై ఏళ్ళు దాటినవారి కంటిలో రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవారికి చేరేదానిలో సుమారు మూడోవంతే. కనుక మనకు దీపం బలంగా ఉండడం కుర్రవాళ్ళకంటే ఎక్కువ అవసరం.

ఇక కారు దోషం. బల్బుకు అందే వోల్టేజి పదిశాతం తగ్గితే వెలుగు పదిశాతం కాదు, దాదాపు ముప్పైశాతం తగ్గిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. బ్యాటరీ దగ్గర 14 ఉండి, వెలుగుతున్న బల్బు దగ్గర 12.5 మాత్రమే ఉంటే, ఒకటిన్నర వోల్టు దారిలోనే హరించుకుపోయింది. వెలుగులో దాదాపు మూడోవంతు పోయినట్టే. మొత్తం మీద అర వోల్టుకు మించి పోకూడదన్నది మేము పాటించిన సూత్రం.

ఈ కొలత బల్బు వెలుగుతుండగానే తీసుకోవాలి. ఇది చాలా ముఖ్యం. వైరులో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా, బల్బు తీసి కొలిస్తే మీటరు నిండుగా 12 వోల్టులు చూపుతుంది. మీటరుకు కావలసిన కరెంటు అత్యల్పం కదా. బల్బు పెట్టగానే ఆ ఒక్క పోగు బరువు మోయలేదు. ఖాళీ బండిని ఎవరైనా లాగుతారు, బస్తాలు వేశాకే ఎద్దు బలం తెలుస్తుంది.

వోల్టేజి బాగానే ఉండి వెలుగు చాలకపోతే దీపం ముందున్న ప్లాస్టిక్ మూతను చూడండి. ఎండకు అది పసుపెక్కి మసకబారుతుంది. పాలిష్ చేయిస్తే చాలావరకు తిరిగి వస్తుంది. వర్షాకాలం తరువాత లోపల పలుచగా ఆవిరి పట్టి, దీపం వెలిగించాక పోతే భయం లేదు. నీళ్ళు నిలిచి ఉంటే మాత్రం సీలు పోయినట్టు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి హోల్డర్లలో పచ్చగా చిలుము పడుతుంది. ఉప్పుకాగితంతో మెల్లగా గీకి, పొడిగుడ్డతో తుడవండి.

వెలుగు చాలలేదని 55 వాట్ల చోట 90, 100 వాట్ల బల్బులు వేయించకండి. వైరూ, హోల్డరూ ఆ వేడికి కరిగిపోతాయి, ఎదుటివారి కళ్ళు చెదురుతాయి. ఇంటిదీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలకుండా ఉంటుందా? ఇక బల్బులు మాటిమాటికీ కాలిపోతుంటే బల్బులను తిట్టకుండా, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజి కొలిపించండి. 15 దాటుతుంటే ఆల్టర్నేటరు రెగ్యులేటరు లోపం.

బ్రేకు నొక్కితే ఆరిపోయే దీపం

ఎర్త్ పోతే ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ చెబుతాను. మన సభ్యులొకరు, పేరు అక్కరలేదు, తన కారును ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళారు. ఎడమవైపు వెనక దీపం రాత్రిపూట నీరసంగా వెలుగుతోంది, బ్రేకు నొక్కితే ఎక్కువ వెలగడం పోయి పూర్తిగా ఆరిపోతోంది. పగటిపూట దీపాలు ఆర్పి ఉన్నప్పుడు బ్రేకు నొక్కితే ముందు పార్కింగ్ లైట్లు మసకగా వెలుగుతున్నాయి. అక్కడివారు చూసి, "సార్, వైరింగ్ మొత్తం పోయింది, సెట్టే మార్చాలి" అని, ఆయన ఒక నెల పెన్షన్ దాటే అంచనా రాసి ఇచ్చారు. ఆయన ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

కారణం ఆలోచించండి. రెండు తీగల బల్బుకు ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ తెగింది. రాత్రివేళ 5 వాట్ల తీగలోంచి వచ్చిన కరెంటు తిరిగి పోయే దారిలేక, పక్కనున్న 21 వాట్ల తీగలోంచి బ్రేకు వైరులోకి దూరి, అవతలివైపు బ్రేకు బల్బు ద్వారా ఎర్త్ చేరుతోంది. అందుకే నీరసంగా వెలుగుతోంది. బ్రేకు నొక్కగానే ఆ దొంగదారిలో ఎదురుగా 12 వోల్టులు వచ్చాయి. రెండు వైపులా సమానమైన ఒత్తిడి ఉంటే కరెంటు కదలదు, దీపం ఆరిపోయింది. పగలు బ్రేకు నొక్కితే అదే దొంగదారి తిరగబడి పార్కింగ్ లైట్ల వైపు పోతోంది.

నేను ఒక పొడుగు వైరు తీసుకుని, ఆ దీపం నల్ల వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ కలిపాను. దీపాలన్నీ చక్కగా వెలిగాయి. అంటే లోపం ఎర్తే. డిక్కీ లోపల, ఎడమ మూల, ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. 10 నంబరు స్పానరుతో విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూశాము. ఖర్చు రూపాయి లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారు.

డబ్బు సంగతి అటుంచండి. ఆ స్థితిలో ఆయన, ఆయన శ్రీమతి ఎన్నో రాత్రులు హైవే మీద తిరిగారు. మామూలుగా బ్రేకు నొక్కితే వెనకవాడికి ఎరుపు పెరగాలి. వీరు నొక్కినప్పుడు ఒకవైపు ఎరుపు మాయమైంది. నన్ను ఈ ప్రసంగానికి ఒప్పించింది ఆ విషయమే.

ఇండికేటర్లు, బ్రేకు లైట్లు

ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలిగి ఆరాలి. ఒకవైపు మామూలుగా, మరోవైపు గబగబా కొట్టుకుంటుంటే ఆ గబగబా కొట్టుకునే వైపు ఒక బల్బు పోయిందని గుర్తు. దిగి చూడండి. ఎల్.ఇ.డి. బల్బులు వేయించినా ఇలాగే కొట్టుకోవచ్చు. అవి తక్కువ కరెంటు తీసుకుంటాయి గనుక, బల్బు లేదని ఫ్లాషరు భ్రమపడుతుంది. నాలుగు మూలలా ఒకేసారి వెలిగే హజార్డ్ లైట్లు బాగుండి, ఇండికేటర్లు మాత్రం రాకపోతే, బల్బులు నిర్దోషులు. ఫ్యూజో, స్టీరింగ్ కింది స్విచ్చియో చూడాలి.

బ్రేకు లైటు స్విచ్చి పెడల్ దగ్గర ఉంటుంది. మూడు బ్రేకు లైట్లూ రాకపోతే ఫ్యూజు, తరువాత ఆ స్విచ్చి. పైనున్న మూడోది వెలిగి కిందివి రెండూ వెలగకపోతే చాలా కార్లలో స్విచ్చి బాగున్నట్టే, బల్బులూ హోల్డర్లూ చూడాలి. బ్రేకు లైట్లు ఎప్పుడూ ఆరకపోతే పెడల్ మీద స్విచ్చిని నొక్కిపట్టే చిన్న రబ్బరు బిళ్ళ పొడిపొడిగా రాలిపోయి ఉండవచ్చు. మ్యాట్ మీద ముక్కలు కనిపిస్తాయి. అలా రాత్రంతా వెలిగితే తెల్లవారేసరికి బ్యాటరీ పడుకుంటుంది. పార్కింగ్ లైట్లు మరచినా అంతే. అన్నీ కలిసి సుమారు 30 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్లు. 35 ఆంపియర్ గంటల చిన్నకారు బ్యాటరీ 14 గంటల్లో ఖాళీ. బండి స్టార్టు కాకపోవడం అంతకు చాలాముందే జరుగుతుంది.

చేయి పెట్టకూడని చోట్లు

కొత్త కార్లలో దీపాలను ఒక చిన్న కంప్యూటరు నడుపుతుంది. దాన్ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. అలాంటి కార్లలో టెస్ట్ ల్యాంపుతో పొడవకండి, మీటరు మాత్రమే వాడండి. ఎల్.ఇ.డి. దీపాలు చాలావాటికి బల్బు విడిగా రాదు, మొత్తం పెట్టె మార్చవలసిందే. కనుక మార్చేముందు ఫ్యూజు, కనెక్టర్, ఎర్త్ పరీక్షించారా అని అడిగి తెలుసుకోండి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. జినాన్ దీపాలున్న పెద్ద కార్లలో వెలిగే క్షణంలో వేల వోల్టులు పుడతాయి, అవి తెలిసినవారే ముట్టాలి. వైర్లు విప్పే పని ఉంటే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేవకుండా ఉంటాయి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు, "లైట్లు పనిచేయడం లేదు" అని ఊరుకోకండి. ఏ దీపం, ఏ వైపు, ఎప్పుడు, ఏది నొక్కితే ఏమవుతోంది అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. డాక్టరుకు జ్వరం ఎన్ని రోజులనుంచో చెప్పమా? మార్చిన పాత సామాను తిరిగి ఇవ్వమనండి. మంచి మెకానిక్ సంతోషిస్తాడు. మిగతావారు జాగ్రత్తపడతారు.

నెలకు అయిదు నిమిషాలు

చివరగా ఒక్క విన్నపం. పెన్షన్ పడే ఒకటో తారీకు ఎవరం మరచిపోము. ఆ సాయంత్రం అయిదు నిమిషాలు కారుకు కేటాయించండి. ఇంటావిడో, మనుమడో బయట నిలబడితే మీరు లోపల కూర్చుని వరుసగా వేయండి: పార్కింగ్, డిమ్ము, బ్రైటు, నాలుగు ఇండికేటర్లు, బ్రేకు, రివర్స్, నంబర్ ప్లేటు. ఎవరూ లేకపోతే కారును గోడకు వెనక్కి పెట్టి, అద్దంలో గోడమీద వెలుగు చూసుకోండి. బ్రేకు నొక్కినప్పుడు రెండువైపులా ఎరుపు సమానంగా పెరగాలి. ఇలా ఒంటరిగా ఉండేవారూ చూసుకోవచ్చు. మార్చుకోవడానికి రెండు బల్బులు, నాలుగు ఫ్యూజులు, ఒక టార్చి డ్యాష్‌బోర్డులో ఉంచండి.

దారిలో రాత్రిపూట వెనక దీపాలు పోయాయని తెలిస్తే, "పదిమైళ్ళే కదా" అని సాగిపోకండి. హజార్డ్ లైట్లకు చాలా కార్లలో విడి ఫ్యూజు ఉంటుంది గనుక అవి పనిచేయవచ్చు. అవి వేసి, మెల్లగా రోడ్డు దిగి, వెలుతురున్న చోట ఆపండి. ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టండి. అందరూ కారు దిగి, రోడ్డుకు దూరంగా నిలబడండి. కారు వెనక నిలబడి ఎవరూ డిక్కీలో వెతకవద్దు. ఇల్లు అరగంట ఆలస్యమైతే ఏమీ కాదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. దీపం ఉందో లేదో చూసుకోవడం అంతకంటే ముందు పని.